తడి ఆరని తుపాకీ

హలో… బావా? హమ్మయ్య, ఎత్తావు… ఆ, నేనే. ఇంకెవరు చేస్తారు పదకొండుసార్లు?

రేడియో ఆపు… తర్వాత కాదు, ముందు రేడియో ఆపు… ఆ.

ఇప్పుడు ఎక్కడున్నావు? పైన పనిగదిలోనే కదా… గదిలో ఎక్కడ?… బల్ల దగ్గరా? సరే. అక్కడే ఉండు. కిటికీ వైపు ఒక్క అడుగు కూడా వేయకు.

…డెలివరీ సంగతి కాదు బావా. రేపు పొద్దున తుపాకీ మ్యూజియానికి వెళ్లకపోయినా ఫరవాలేదు. అసలు వెళ్లకపోయినా ఫరవాలేదు… అవును, నేనే అంటున్నా. సరిగ్గానే విన్నావు… తాగలేదయ్యా! మధ్యాహ్నం మూడింటికి ఏం తాగుతాను?

ఏమైందంటావా?

చెప్తా. మెల్లగా చెప్తా. నువ్వు ఉన్నచోటే ఉండి విను. మన కొట్టు ముందు పోలీసులున్నారు… ఒకరిద్దరు కాదు. వీధి రెండు వైపులా కట్టేశారు. నేను మలుపులో, వాళ్ల వ్యాను వెనకాల ఉన్నా. కాఫీ తాగి తిరిగొచ్చేసరికి నన్ను లోపలికి రానివ్వలేదు. మన వీధిలో ఒక్క మనిషి లేడు బావా. కొట్లన్నీ తెరిచే ఉన్నాయి, మనుషులు మాత్రం లేరు.

…ఆ మైకులో అరిచింది నీ కోసమే. 'పై అంతస్తులో ఉన్నవాళ్లు' అంటే ఇంకెవరు, నువ్వే… రంగుల కంపెనీ ప్రచారం అనుకున్నావా? దేవుడా!

…నువ్వేం చేశావో అదే అడగబోతున్నా. అరగంట కిందట ఆ తుపాకీ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డావా?… నిలబడ్డావు. ఒక కన్ను మూసుకుని, గడ్డం దాకా ఎత్తి, గొట్టం పొడుగునా చూశావా?… మూడుసార్లు. ఆ, మూడుసార్లనే చెప్పింది… ఎదురుగా పళ్ల డాక్టరు దగ్గర చీటీలు రాసే ఆవిడ. ఆవిడకి కనపడిందేమిటంటే, ఎదుటి మేడ మీంచి ఒకాయన తుపాకీ గురిపెట్టి తన బల్ల వైపే చూస్తున్నాడని. లోపల నోరు తెరుచుకుని కూర్చున్న పేషెంటుతో సహా అందరూ వెనక దారిన పరిగెత్తారట.

నాకు తెలుసు! నాకు తెలుసు బావా, చెక్క ఎక్కడైనా వంకర ఉందేమోననే చూశావు… వంకర కాదా? వార్నీషు ఎక్కడ కారిందో వెలుతురుకి పెట్టి చూశావా. సరే, వార్నీషే… నాకు చెప్పక్కర్లేదయ్యా. పాతికేళ్లుగా చూస్తున్నా, కన్ను మూయకుండా ఏ చెక్కనైనా చూశావా నువ్వు? నా పెళ్లికొచ్చి, భోజనాల బల్లలన్నీ ఎత్తి ఎత్తి వంకర చూసినవాడివి. మామ్మ చేతికర్ర లాక్కుని చూసినవాడివి. ఆవిడ పడబోతే అప్పుడు ఇచ్చావు… నేను నవ్వడం లేదు. ఇది ఏడుపు.

మనం చూస్తే వడ్రంగి కన్ను మూశాడంటాం. ఆవిడకేం తెలుసు బావా?

ఏంటీ?… వద్దు! వద్దు వద్దు వద్దు! దాన్ని కిటికీలోంచి చూపించకు!… చెక్కేనని నీకు తెలుసు, నాకు తెలుసు. ఎదుటి డాబా మీద బోర్లా పడుకున్న ఇద్దరికీ తెలియదు. వాళ్ల చేతుల్లో ఉన్నవి చెక్కవి కావు. ఆ గొట్టం జానెడు బయటికి కనపడిందంటే, అది టేకా వేపా అని ఎవడూ అడగడు.

…ఏదో చప్పుడైంది. ఏమిటది? బావా, ఏమిటా చప్పుడు?… స్టూలా. స్టూలు తన్నుకున్నావా. సరే. నా ప్రాణం పోయింది.

— ఆ, సార్. మా బావే సార్, మా అక్క మొగుడు. లైన్లోనే ఉన్నారు… ఒక్కరే. పైన ఇంకెవరూ లేరు… లేదు సార్, గుండ్లు లేవు, గుండు పట్టే సందే లేదు అందులో. గొట్టం కూడా చెక్కే, పైన నల్లరంగు… మ్యూజియం వాళ్లు చేయించుకుంటున్నారు. వందేళ్ల కిందట చౌరస్తాలో జనాన్ని కాల్చండని హుకుం ఇస్తే, మావల్ల కాదని తుపాకులు రాళ్ల మీద పెట్టేసిన పటాలం ఉంది చూడండి, అందులో మొదటి సిపాయిది సార్. అసలుది అద్దాల పెట్టెలో ఉంది, ముట్టుకోనివ్వరు. పిల్లలు చేత్తో పట్టుకుని చూడడానికి నకలు కావాలన్నారు… కాగితమా? ఉంది సార్. ఉండడం ఉంది…

కొట్లో. నా సొరుగులో.

— వింటున్నావా బావా?… లేదు, ఆఫీసరుతో మాట్లాడుతున్నా. మ్యూజియానికి ఫోన్ చేయించాడు. ఇవాళ వాళ్లకి సెలవట, ఎవరూ ఎత్తడం లేదు. పోనీ ఫోటో చూడండి సార్ అని ఇందాక నా ఫోన్‌లో ఫోటో చూపించా. మొన్న నేను తీశానే, నల్లగుడ్డ మీద పెట్టి… అదే. అది చూశాక ఆయన మొహం ఇంకా బిగుసుకుపోయింది. అంత బాగా తీశాను. కొట్టు మెట్టెక్కినవాడి మొహం చూసి కొంటాడో కొనడో చెప్పేవాణ్ణి కదా, ఈయన మొహంలో నాకు ఒక్క ముక్క కనపడడం లేదు బావా. అదే నా భయం.

…అవును. స్టేషన్లో ఇవ్వమని మ్యూజియం ఆవిడ ఇచ్చిన కాగితమే. ఇవ్వలేదు… ఎందుకంటే ఏం చెప్పను? వెళ్తే అరపూట పోతుంది, లైన్లో నిలబడాలి, చివరికి రేపు రమ్మంటారు. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అని సొరుగులో పడేశా. అరపూట మిగిలిందనుకున్నా… తిట్టు. తర్వాత తీరిగ్గా, అక్కని పక్కన కూర్చోబెట్టుకుని తిట్టు. ఇంకొకటి కూడా ఉంది, అదీ కలుపుకో. నకలని తెలియడానికి గొట్టం చివర వేయాల్సిన ఎర్రరంగు నేనే ఆపించాను, గుర్తుందా? నువ్వు వేస్తానన్నావు. ఫోటో తీశాక వేద్దువులే, ఎర్రగా ఉంటే బొమ్మలా కనపడుతుందన్నా.

బొమ్మలా కనపడకూడదనుకున్నా బావా. కనపడలేదు.

సరే, విను. ఆఫీసరు చెప్పిందే చెప్తున్నా, ఒక్కొక్కటీ చెయ్యి. తుపాకీ ఇప్పుడు ఎక్కడుంది?… నీ చేతిలోనా! ఇంతసేపూ ఒక చేత్తో దాన్ని పట్టుకునే మాట్లాడుతున్నావా? — సార్, చేతిలో ఉందట… కాదు సార్, వార్నీషు, తడి… అందుకని సార్… — బావా, దాన్ని కింద పెట్టు.

…ఆరలేదు, సరే, కింద పెట్టు… వేలాడదీసే కొక్కెం ఎక్కడుంది? కిటికీ పైన. గాలి తగులుతుందని నువ్వే కొట్టావు. అక్కడికి వెళ్లడానికి వీల్లేదు. బల్ల మీద పెట్టు… బల్ల నిండా రంపప్పొట్టుంటే పొట్టులోనే పెట్టు! నేల మీద పెట్టు!… అంటుకుంటే అంటుకోనీ. నాలుగు నెలల పని నాకు తెలియదా? ఆ నాలుగు నెలలూ కింద కూర్చుని నీ చిత్రిక చప్పుడు విన్నది నేనేగా. గీకి మళ్లీ వేద్దువు… ఏడో పూత చెడితే ఎనిమిదోది వేద్దువు!

మహాశిల్పీ, నీకు దండం పెడతా…

లేదు, అరవడం లేదు. అరవను.

బావా. ఆ తుపాకీ వెనక దిమ్మ మీద గంటు ఎలా పడిందో నువ్వేగా నాకు చెప్పావు? సిపాయి రాళ్ల మీద పెట్టినప్పుడు పడిందని. ఆ ఒక్క గంటు కోసం మ్యూజియానికి ఆరుసార్లు తిరిగావు. వాళ్ల చేతే మైనం అచ్చు తీయించి తెచ్చుకున్నావు. వారం రోజులు దాన్నే చెక్కుతూ కూర్చున్నావు, నేను కింద్నుంచి తిడుతున్నా వినలేదు. ఆ సిపాయి కింద పెట్టాడు కాబట్టేగా నువ్విప్పుడు దీన్ని చేస్తున్నావు? అతను పాలిష్ పోతుందని ఆగాడా? పెట్టు బావా…

పెట్టావా?… ఎక్కడ?… తలుపు పక్కన, నేల మీద. గొట్టం గోడ వైపు. మంచిది… పొట్టంతా అంటుకుందా. ఊఁ… నాకూ బాధగానే ఉంది. దాని వైపు చూడకు, ఇటు తిరుగు. — సార్, కింద పెట్టేశారు. తుపాకీ చేతిలో లేదు.

అక్కా! అక్కా, ఆగు!

— అక్క వచ్చింది బావా. ఎవరో చెప్పినట్టున్నారు, చేతులకి పిండి కూడా కడుక్కోలేదు. — ఏం కాలేదక్కా, నాతోనే మాట్లాడుతున్నాడు. పిలవకు! ఇక్కణ్ణుంచి నువ్వు కేకేశావంటే ఆయన కిటికీలోంచి తొంగి చూస్తాడు. నువ్వు పిలిస్తే ఎప్పుడూ అంతేగా చేసేది! నోరు చేత్తో మూసుకో… ఫోన్ ఇవ్వను. ఇస్తే ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే ఆయన చెప్పిన పని మర్చిపోతాడు. నా మాట ఈ ఒక్కసారి విను అక్కా. పుట్టినప్పట్నుంచీ వినలేదు, ఇవాళ విను.

— ఆ, బావా. బాగానే ఉంది. నన్ను తిడుతోంది… దేనికని ఏముంది, అన్నిటికీ.

ఇప్పుడు నువ్వు కిందకి రావాలి. ముందు ఆ ఏప్రాన్ విప్పెయ్. జేబులో ఉలి ఉంటుంది… అన్నీ దాంతోనే వదిలెయ్. చెవి మీద పెన్సిల్ కూడా తీసెయ్… ఉంది, చూసుకో. ఎప్పుడు లేదు గనక? తీశావా. చేతులెలా ఉన్నాయి?… మోచేతుల దాకా ఎర్రగానే ఉన్నాయా. — సార్, ఆయన చేతులు ఎర్రగా ఉంటాయి. చెక్కకి పట్టించే రంగు సార్, రక్తం కాదు. మీ వాళ్లకి చెప్పండి. డాబా మీద వాళ్లకి కూడా… ఇప్పుడే చెప్పండి సార్, నేను వింటా… థాంక్స్ సార్.

వెనక తలుపా?… అది తెరుచుకోదు బావా. నిన్న వచ్చిన ప్లైవుడ్ అంతా దానికి ఆనించి పెట్టించా. నలభై షీట్లు… అవును, అదీ నేనే. చోటు కలిసొస్తుందనుకున్నా. ముందు షట్టరే గతి.

దించి వెళ్లాను, తాళం వేయలేదు. లోపల్నుంచి నువ్వు ఎత్తాలి. ఆ కొంకి కడ్డీతో కాదు! దాన్ని అసలు ముట్టుకోకు. షట్టర్ లేవగానే నీ చేతిలో బారెడు ఇనప కడ్డీ కనపడిందంటే ఇంక… ఆ. ఉత్త చేతులతో ఎత్తు. మోకాలి దాకా లేపి ఆగు. వాళ్లు చెప్పాక తలపైకి తొయ్యి. బయటికొచ్చి రెండు చేతులూ బాగా పైకి, వేళ్లు విడదీసి. అంతే. మిగతాది వాళ్లు చూసుకుంటారు.

…

విన్నావా?

బావా?

…ఎత్తలేవా? షట్టరా, చేతులా?… కుడిచెయ్యి. భుజం దాటి పైకి రాదు. ఎప్పట్నుంచి?… ఎనిమిది నెలలా!

— సార్, ఒక్క నిమిషం. ఒక్క నిమిషం ఇవ్వండి సార్, దండం పెడతా.

ఎనిమిది నెలలు రోజూ నా కళ్ల ముందే తిరుగుతున్నావు కదయ్యా… పై అరలో చెక్కలన్నీ కిందకి దింపించింది అందుకేనా? దుమ్ము పడుతోందన్నావు. నేను నమ్మాను. బనీన్లు మానేసి గుండీల చొక్కాలే వేసుకుంటుంటే షోకనుకున్నా…

ఆగు. ఇవాళ కిటికీ దగ్గరికి వెళ్లింది కూడా?… ఎప్పుడూ గది మధ్యలో నిలబడి చూసేవాడివి. చెయ్యి ఆగక… కిటికీ అంచు మీద ఆనించావు. ఆనిస్తే గొట్టం బయటికి వస్తుంది. అవును, వస్తుంది. అందుకే ఆవిడకి అంత స్పష్టంగా కనపడింది.

నాకెందుకు చెప్పలేదు?… నేనా? ఇంకో పనివాణ్ణి పెట్టుకుంటాననా? బావా, మా అక్క మొగుడివి, నిన్ను ఇంట్లో కూర్చోమని నేను…

…

పెట్టుకునేవాణ్ణే. నిజమే. ఇవాళ అబద్ధం చెప్పను. నీ చెయ్యి సంగతి తెలిసుంటే మ్యూజియం పని ఇంకెవరికో ఇచ్చేవాణ్ణి. నీకు చెప్పకుండా ఇచ్చేవాణ్ణి. నా సంగతి నీకు తెలుసు… కోపం లేదంటావేంటి? కొంచెమైనా కోపగించుకో, నాకు తేలిగ్గా ఉంటుంది.

— సార్. ఆయన కుడిచెయ్యి లేవదు. నాకూ ఇప్పుడే చెప్పాడు. ఆ షట్టర్ పాతది, రెండు చేతులతో తలపైకి తోస్తేగాని లేవదు. బయటికొచ్చాక కూడా చేతులు పైకెత్తమంటే ఒకటే లేస్తుంది సార్. రెండోది కాసేపు కూడా ఆగదు, నడుం దగ్గరికి జారిపోతుంది. నడుం దగ్గర చెయ్యి ఉంటే మీ వాళ్లకి ఎలా కనపడుతుందో నేను చెప్పాలా?… మీరు చెప్తానంటున్నారు, సరే. అందరికీ వినపడుతుందని, అందరికీ ఆ క్షణంలో గుర్తుంటుందని హామీ ఇస్తారా?… ఇవ్వలేరు. ఉన్నమాట చెప్పారు, సంతోషం.

సార్, నేను వెళ్తా. బయట్నుంచి షట్టర్ నేను ఎత్తుతా… మీ రూలు నాకర్థమైంది సార్. కానీ మీవాళ్లు ఎత్తితే ఆయన ఉలిక్కిపడతాడు. ఆయన ఉలిక్కిపడితే వీళ్లంతా ఉలిక్కిపడతారు. అది ఎక్కడ పట్టి ఎత్తితే లేస్తుందో నాకు తెలుసు. ఎత్తి ఆయన ముందు నిలబడతా. నావి రెండు చేతులూ లేస్తాయి. ఇద్దరికీ అవే చాలు.

— నువ్వు మాట్లాడకక్కా. నన్ను పట్టుకోకు, చొక్కా వదులు.

— బావా… నువ్వు కూడానా! వద్దంటే వినేవాణ్ణయితే ఇంత దాకా వచ్చేవాళ్లమా?… ధైర్యం ఎక్కడుంది? నువ్వొక్కడివే వస్తే ఎన్ని చోట్ల తప్పు జరగొచ్చో లెక్కేశా, రెండు చేతుల వేళ్లూ చాలలేదు. నేనొస్తే మూడో నాలుగో. అందుకే వస్తున్నా, ప్రేమ పొంగి కాదు… అబ్బో, షావుకారట. ఇప్పుడు గుర్తొచ్చానా షావుకారులా?

సార్ సరేనన్నారు. వెనకాల ఇద్దరు డాళ్లు పట్టుకుని వస్తారట. నన్ను చొక్కా విప్పమంటున్నారు… ఆ, ఈ పొట్టతోనే, వీధి మధ్యలో, అక్క ముందు… నవ్వావా? నవ్వావు. ఇంకోసారి నవ్వు, ఏం కాదు.

మెట్లు దిగు. మెల్లగా. ఎడమచేత్తో గోడ పట్టుకో… నాకు నీ అడుగులు వినపడుతున్నాయి… లైటు వేయకు… దిగావా? ఫోన్ ఆఖరి మెట్టు మీద పెట్టు. చేతిలో ఫోన్ ఉన్నా దూరం నుంచి నల్లగా ఏదో ఉన్నట్టే. స్పీకర్ ఆన్ చేసి పెట్టు, వినపడుతుంది… పెట్టావా. షట్టర్‌కి నాలుగడుగులు ఇవతల నిలబడు. ఎడమచెయ్యి పైకి. కుడిది ఎంతవరకు వస్తే అంతవరకే, ముందుకు చాపి, వేళ్లు విడదీసి. నొప్పి పెడితే పళ్లు బిగించుకో, చెయ్యి మాత్రం కదపకు. నేను రాగానే నా వీపుకి ఆనుకుని నిలబడు. నేను నడిస్తే నడువు, ఆగితే ఆగు.

…కట్ చేయను. చేయనన్నానుగా. ఈ ఫోన్ వ్యాను బానెట్ మీద పెడుతున్నా. అక్క పక్కనే ఉంటుంది, మాట్లాడదు. ముందు నా చెప్పుల చప్పుడు వినపడుతుంది. కాసేపటికి వినపడదు. వినపడకపోతే కంగారుపడకు, వీధి మధ్యలో ఉన్నానన్నమాట. ఇరవై దాకా లెక్కపెట్టు. తర్వాత అదే చప్పుడు షట్టర్ అవతల వినపడుతుంది.

— ఆ, వస్తున్నా సార్.

పెడుతున్నా బావా. లెక్కపెట్టు.